పదముల పుస్తకములు

విశాఖపట్టణమున ద్వారకా నగర్ సందులలో సాయంకాలము నడచినవారికి ఒక దృశ్యము తప్పక కనబడును. ఆర్టీసీ బస్సుల సముదాయమునకు దాపున మేడమీద మేడగా లేచిన కట్టడముల గోడలనిండ బోర్డులు వ్రేలాడుచుండును. బ్యాంకు పరీక్షలకు, రైల్వే పరీక్షలకు, విదేశవిద్యకు, ఇంగ్లీషు సంభాషణమునకు శిక్షణ నిత్తుమని వాటిమీద వ్రాసియుండును. శ్రీకాకుళము, విజయనగరము వైపు పల్లెలనుండి వచ్చిన యువకులును యువతులును వీపున సంచులతో ఆ మెట్లెక్కుచు దిగుచుందురు. వారి సంచులలో ఒక తెగ పుస్తకము తఱచుగా నుండును. కొందఱికది అచ్చుపుస్తకము; కొందఱికి తమ చేతితో వ్రాసికొన్న నోటుబుక్కు. ప్రతి పుటకును మూడు గడులు: మొదటిదానిలో ఇంగ్లీషు పదము, రెండవదానిలో ఇంగ్లీషుననే దాని నిర్వచనము, మూడవదానిలో ఒక ఉదాహరణవాక్యము. దినమునకు పదియో యిరువదియో పదములు. ఈ తెగ పుస్తకములను గుఱించి కొంత విమర్శ చేయుట మా యుద్దేశము.

కావ్యములకును నవలలకును విమర్శకులు గలరు. ఇట్టి పుస్తకములకు లేరు. ఇవి చిల్లర పుస్తకములని పండితులు ముట్టరు. కాని కావ్యము చదువని యింటను ఇవి చదువబడుచున్నవి. అప్పుచేసి పిల్లను పట్టణమునకు పంపిన తల్లిదండ్రుల ఆశ ఆ మూడు గడులలో ఇమిడియున్నది. ఒక పుస్తకము మంచిదో చెడ్డదో విచారించుటకు ఇంతకంటె కారణ మేమి కావలెను?

మా యెఱుకలోని యొక కుటుంబపు పిల్ల డిగ్రీ ముగించి, ఇచట హాస్టలులో నుండి పరీక్షలకు చదువుకొనుచున్నది. ఒక ఆదివారము మా యింటికి వచ్చినప్పుడు తన నోటుబుక్కు చూపినది. వేయికి పైగా పదములు ముత్యములవంటి అక్షరములతో వ్రాసికొన్నది. మేము ఎచట వ్రేలు పెట్టినను నిర్వచనమును వాక్యమును తడుముకొనక అప్పగించినది. సంతోషించి, “మీ అమ్మ తెల్లవాఱినదిమొదలు ఏమేమి పనులు చేయునో ఇంగ్లీషులో చెప్పు తల్లీ” అంటిమి. పిల్ల “మై మదర్” అని మొదలుపెట్టి, ఆగి, తలవంచుకొన్నది. వేయి పదములు వచ్చినవి. తల్లిని గుఱించి ఒక్క వాక్యము రాలేదు. ఆమె జ్ఞాపకశక్తికిగాని శ్రద్ధకుగాని వంక పెట్టుటకు వీలులేదు. ఆమె చదివిన పద్ధతినే పరీక్షింపవలసి యున్నది.

ముందుగా ఈ పుస్తకముల గుణములను చెప్పుట న్యాయము. పదములు లేక భాష లేదు. ఇంగ్లీషులో మిక్కిలి వాడుకగల 2,000 పదకుటుంబములు సామాన్యమైన రచనలో నూటికి సుమారు 80 వంతుల మాటలను ఆక్రమించుకొనియుండును. పదకుటుంబ మనగా ఒక మూలపదమును దానినుండి పుట్టిన రూపములును. కాని వార్తాపత్రికను ఇతరుల సాయము లేక చదువుకొనవలెనన్న 8,000 మొదలు 9,000 వఱకు పదకుటుంబములు తెలిసియుండవలెనని పాల్ నేషన్ అను పండితుడు 2006లో లెక్కకట్టి చూపెను. ఇన్ని పదములు గాలికి వచ్చి చెవిలో పడవు. ఇంట ఇంగ్లీషు వినబడని పిల్లలకు ఏదో యొక క్రమము కావలెను. ఆ క్రమమును ఈ పుస్తకములు కొద్ది వెలకు ఇచ్చుచున్నవి. పరీక్షలలో పర్యాయపదములు అడుగుచున్నారు గనుక వీనిని చదువవద్దనువాడు పిల్లల క్షేమము కోరినవాడు కాడు. మా విచారము వీనిని చదువవలెనా మానవలెనా యని కాదు. వీనిలో ఏమి కొఱవడినదని.

మొదట నిర్వచనమును చూతము. లక్షణమునకు అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవము అను మూడు దోషములు లేకుండవలెనని మన తార్కికులు పూర్వమే నియమించిరి. చెప్పవలసినదానిలో కొంత విడిచిపోవుట అవ్యాప్తి. చెప్పరానిదానిని గూడ చేర్చుకొనుట అతివ్యాప్తి. చెప్పదలచినదానికి ఏమాత్రమును పొసగకుండుట అసంభవము. వీనికి తోడు చక్రక మను దోషమొకటి గలదు: ఒకటి తెలియుటకు రెండవది, రెండవది తెలియుటకు మూడవది, మూడవది తెలియుటకు మఱల మొదటిది కావలసివచ్చుట. ఆ పిల్ల నోటుబుక్కులో ఈ దోషమే మాకు మెండుగా కనబడినది. ‘రిలక్టెంట్’ అను పదమున కెదురుగా ‘అన్‌విల్లింగ్’ అని యున్నది. కొన్ని పుటల తరువాత ‘అన్‌విల్లింగ్’ అను పదమున కెదురుగా ‘డిస్‌ఇన్‌క్లైన్డ్’ అని యున్నది. ఆ మాట కెదురుగా మఱల ‘రిలక్టెంట్’ అని యున్నది. గానుగెద్దు దినమంతయు నడచును. సాయంకాలమునకు బయలుదేఱిన చోటనే యుండును.

నిర్వచనము పదముకంటె బరువై యుండుట మఱియొక దోషము. దీనికి మహాపండితులును లోబడిరి. 1755లో ఆంగ్ల నిఘంటువును ప్రకటించిన శామ్యూల్ జాన్సను ‘నెట్‌వర్క్’ అను పదమునకు వ్రాసిన నిర్వచనము నేటికిని నవ్వులపాలగుచున్నది. వలవంటి అల్లిక యని చెప్పవలసినచోట సామాన్యుడు ఎన్నడును వినని లాటిను పుట్టుక పదములను గ్రుచ్చెను. మన చేపలరేవున కూర్చుండి వల బాగుచేసికొను జాలరి తన చేతిలోనిది చూపినచో అరక్షణమున బోధపడు సంగతి యది.

ఈ దోషమునకు మందు వెదకినవారిలో ఒకడు మన దేశముననే పనిచేసెను. బంగాళమున విద్యాశాఖ యందుండిన మైకేల్ వెస్ట్ అను ఆంగ్లేయుడు, పరాయిభాష నేర్చుకొనువానికి నిర్వచనములోని మాటలు ముందే తెలిసియుండవలెనని గ్రహించి, 1,490 పదములను మాత్రమే యెన్నుకొని వానితోనే సుమారు 24,000 పదములకును పలుకుబళ్ళకును అర్థము చెప్పిన నిఘంటువును మఱియొకరి తోడ్పాటుతో 1935లో వెలువరించెను. 1978లో వచ్చిన లాంగ్‌మన్ వారి నిఘంటువు గూడ సుమారు 2,000 పదముల హద్దులో నడచినది. మన పదముల పుస్తకములను కూర్చువారు ఈ యొక్క నియమమునైనను పాటించినచో పిల్లల శ్రమ సగము తీఱును. ఎచటనుండియో ఎత్తివ్రాసిన నిర్వచనములను ప్రక్కప్రక్కన పెట్టుటచేత వారికి ఆ విచారము కలుగుట లేదు.

నిర్వచనము సులభమైనంతమాత్రమున పని ముగియునా? ముగియదని ఒక పరిశీలన చూపినది. అమెరికాలో జార్జి మిల్లర్, పట్రీషియా గిల్డియా అను పండితులు పాఠశాలల పిల్లలు పదములను నేర్చు విధమును పరీక్షించి 1987లో వ్యాసము ప్రకటించిరి. ఇంగ్లీషే మాతృభాషగాగల పిల్లలకు క్రొత్త పదములనిచ్చి, నిఘంటువు చూచి సొంతవాక్యములు వ్రాయుడనిరి. ‘ఎరోడ్’ అను పదమునకు నిఘంటువులో తినివేయుట యను నర్థముగల మాట యుండెను; నది గట్టును కోసివేయుట అచటి తాత్పర్యము. ఆ ఇంగ్లీషు మాటకే బయట హోటలులో భోజనముచేయుట యని మఱియొక యర్థము గలదు. ఒక పిల్ల ఆ యర్థమునే పట్టుకొని, మా కుటుంబము తఱచుగా ‘ఎరోడ్’ చేయును అని వ్రాసినది. ఆ పిల్ల తెలివితక్కువది కాదు, నిర్వచనమును నమ్మినది.

అట్లయిన నిర్వచనమునకు మాఱుగా ఉదాహరణవాక్యము నిచ్చినచో? ఆ పండితులు దానిని గూడ పరీక్షించిరి. రాజు తమ్ముడు సింహాసనమును ‘యూసర్ప్’ చేయ యత్నించెను అను భావముగల వాక్యమును పిల్లలకు చూపిరి. పిల్లలు దానినుండి ‘తీసికొనుట’ యను నర్థమును లాగి, గదిలోని నీలికుర్చీ ‘యూసర్ప్’ చేయబడినదని వ్రాసిరి. అన్యాయముగా అధికారమును హరించుట యను ప్రాణము ఆ యొక్క వాక్యమున వారికి దొరకలేదు. నిర్వచనము ఒంటరిగా నిలువలేదు. ఒక్క వాక్యమును ఒంటరిగా నిలువలేదు. మాతృభాషలోనే గతి ఇట్లుండగా పరభాషలో మూడుగడుల పుటను కంఠస్థము చేసినవారి సంగతి వేఱుగ చెప్పనేల?

ఇది ఇంగ్లీషునకు మాత్రమే పట్టిన రోగము కాదని తెలియుటకు మన ‘పట్టు’ అను క్రియను చూడుడు. చేతితో గ్రహించుట యని నిర్వచించి ఒక పరదేశీయునకు అప్పగించితి మనుకొందము. నిద్ర పట్టినది, చెమట పట్టినది, ఇనుము తుప్పు పట్టినది, వాన పట్టినది, ఆ పనికి రెండు దినములు పట్టును, ఈ గిన్నెలో శేరు పట్టును, వానికి పిచ్చి పట్టినది. ఇన్నింటిలో ఏ చేయి దేనిని గ్రహించినది? మన యింటి మూడేండ్ల పిల్ల వీనిలో సగము తప్పులేక పలుకును. ఆ పిల్లకు ఎవ్వరును నిర్వచనము చెప్పలేదు. అమ్మ నోట, నాయనమ్మ నోట, నూఱు సమయములందు నూఱు వాక్యములు విన్నది. తాను తప్పుగా పలికినప్పుడు ఎవరో నవ్వి దిద్దిరి. ఆ నవ్వును ఆ దిద్దుబాటును ఏ గడిలో వ్రాయుదుము?

పదము తాను నిలిచిన చోటునుబట్టి మాఱునని తెలిసికొనుటకు ఈ విశాఖపట్టణముకంటె మంచి పాఠశాల లేదు. ‘డ్రాఫ్ట్’ అను పదమును తీసికొనుడు. బ్యాంకు పరీక్షకు చదువు పిల్లకు డ్రాఫ్ట్ అనగా సొమ్ము పంపు కాగితము. కచేరీ గుమాస్తాకు డ్రాఫ్ట్ అనగా చిత్తుప్రతి. 1933లో తెఱవబడిన మన ఓడరేవున పనిచేయువానికి అది నీటిలో మునిగియున్న ఓడభాగపు లోతు. ఆ లోతు తెలియక ఓడను రేవులోనికి తీసికొనిరారు. ‘బెర్త్’ అనగా రైలుబండిలో పండుకొను బల్ల యని మన యిండ్లలో ఎల్లరెఱుగుదురు. రేవులో అది ఓడను కట్టివేయు స్థానము. 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారమున ‘హీట్’ అనగా కేవలము వేడి కాదు. ఉక్కు కరగించు కొలిమినుండి ఒక్కమాఱు తీసిన ఉక్కు మొత్తమునకు అదే పేరు. ‘పిగ్ ఐరన్’ అను మాటలో పందిని వెదకినవాడు నవ్వులపాలగును. కాని అచ్చులలో కరగిన ఇనుమును పోసినప్పుడు నడిమి కాలువకు ఇరువైపుల వరుసగా నిలిచిన ముద్దలు తల్లిపంది దగ్గఱ పాలుత్రాగు పిల్లలవలె నుండుటచేత ఆ పేరు వచ్చినదని చెప్పినచో, విన్నవాడు దానిని మఱల మఱచిపోడు. ఈ మాటలను ఇచటి పనివారు మూడుగడుల పుటనుండి నేర్వలేదు. పనిలో విని, తప్పుచేసి, మేస్త్రీచేత చీవాట్లు తిని నేర్చిరి.

ఈ మార్గము పరదేశమునుండి దిగినదియు కాదు. పదమునకు అర్థము తెలియు మార్గములను మన శాస్త్రకారులు ఎనిమిదిగా లెక్కపెట్టిరి: వ్యాకరణము, ఉపమానము, కోశము, ఆప్తవాక్యము, వ్యవహారము, వాక్యశేషము, వివరణము, తెలిసిన పదముతోడి సాన్నిధ్యము. కోశము, అనగా నిఘంటువు, ఎనిమిదింటిలో ఒకటి మాత్రమే. వ్యవహారమునకు వారు చెప్పు దృష్టాంతము ప్రసిద్ధము. పెద్దవాడు ఆవును తెమ్మని చెప్పును, చిన్నవాడు తెచ్చును. ఆవును కట్టుమనును, కట్టును. గుఱ్ఱమును తెమ్మనును, తెచ్చును. ప్రక్కనున్న బాలుడు మాట మాఱినప్పుడు పని యేది మాఱినదో చూచి, ఏ పదమున కే యర్థమో తానే విడదీసికొనును. మన వీథిబడులలో అమరకోశమును వల్లెవేయించినవారును ఈ సంగతి యెఱుగుదురు. అమరము చదివిన తరువాత కావ్యపాఠము చెప్పిరి. నేటి మన పుస్తకములలో అమరము మిగిలినది, కావ్యము పోయినది.

నిఘంటువును కూర్చిన మహనీయులు స్వయముగా భాషను ఎట్లు నేర్చిరో చూచిన ఈ సంగతి ఇంకను స్పష్టపడును. చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1817లో చెన్నపట్టణమునకు వచ్చెను. ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడినది. నడుమ ముప్పదియైదేండ్లు. ఆ కాలమున ఆయన పండితులను చేరదీసి కావ్యములు చదివెను. కచేరీలో రైతుల యర్జీలు వినెను. పుస్తకములలోని మాటలతో పాటు జనుల నోటి మాటలను గూడ ఏఱుకొనెను. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండిన గిడుగు రామమూర్తిపంతులుగారు సవరల భాష నేర్వదలచినప్పుడు వారికి ఆధారముగా మంచి వ్యాకరణముగాని నిఘంటువుగాని లేదు. తెలుగు వచ్చిన సవరను ఇంట నుంచుకొని, వాని నోటి మాట వినుచు, వ్రాసికొనుచు, మఱల వానితో పలుకుచు నేర్చిరి. వారి సవర వ్యాకరణము 1931లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడినవి. ఈ యిరువురకును నిఘంటువు చివర చేతికి వచ్చిన పంట. మనము పిల్లలకు పంటను చూపి ఇదియే సేద్య మనుచున్నాము.

ఆ గిడుగువారిని తెలుగు భాషావివాదమునకు దింపిన ప్రశ్నయు ఈ పట్టణముతో సంబంధించినదే. 20వ శతాబ్ది మొదటి దశకమున ఈ ప్రాంతపు పాఠశాలలను తనిఖీచేయు అధికారిగా వచ్చిన జె. ఎ. యేట్సు దొర తాను తెలుగు నేర్చుకొనుచు, పుస్తకములోని తెలుగునకును వీథిలో వినబడు తెలుగునకును ఇంత భేద మేల యని విచారించెను. ఇచటి మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాల అధ్యక్షులైన పి. టి. శ్రీనివాస అయ్యంగారును, విజయనగరమున గురజాడ అప్పారావుగారును, గిడుగువారును ఆ విచారమును చేపట్టిరి. తత్ఫలితముగా వచ్చిన వాడుకభాషోద్యమమును మన చదువరు లెఱుగుదురు. పుస్తకభాషలో ఈ వ్యాసమును వ్రాయుచు వారిని కొనియాడుట చూచి కొందఱు నవ్వవచ్చును, నవ్వనిండు. ఒక పరభాషను నేర్చువాడు అడిగిన ప్రశ్న ఒక జాతి చదువునే కదల్చినదని మాత్రము మఱువరాదు. జీవముగల పలుకును విడిచి పుస్తకపు పలుకును మాత్రమే నేర్పుట తెలుగున తప్పైనప్పుడు ఇంగ్లీషున ఒప్పెట్లగును?

ఇక ఉదాహరణవాక్యముల గుణమును చూతము. వాక్యము మంచిదగుటకు అది ఎవరి జీవితములోనిదో తెలియవలెను. జపానులో ఇంగ్లీషు బోధించిన ఏ. ఎస్. హార్న్‌బీ తోటివారితో కూర్చిన నిఘంటువు 1942లో టోకియోలో అచ్చై, 1948లో ఆక్స్‌ఫర్డు వారిచేత మఱల ప్రకటింపబడినది. పదము ఏ క్రియతో చేరును, ఏ విభక్తిని కోరును అను సంగతిని వాక్యములద్వారా చూపుట దాని ప్రత్యేకత. 1987లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయమున జాన్ సింక్లెయిర్ ఆధ్వర్యమున తయారైన కోబిల్డ్ నిఘంటువు ఇంకొక యడుగు ముందుకు వేసినది. జనులు నిజముగా వ్రాసిన, పలికిన వాక్యములను కోట్లకొలది మాటలుగా యంత్రమున చేర్చి, వానినుండియే ఉదాహరణములను ఎత్తినది. నిర్వచనమును గూడ పూర్తివాక్యముగా వ్రాసినది. మన పదముల పుస్తకములలోని వాక్యములో? రాయబారులు సంధిపత్రములపై సంతకములు చేయుచుందురు, ప్రభువులు వేటకుక్కలతో విహరించుచుందురు, మంచుతుపానులు వీచుచుండును. చలికాలమున గూడ ఉన్నిబట్ట తీయనక్కఱలేని ఈ సముద్రతీరమున, అప్పు వాయిదాలు లెక్కపెట్టుకొను ఇండ్లనుండి వచ్చిన పిల్లలకు ఆ వాక్యములలో నిలుచుటకు చోటెక్కడ? అర్థము కాని వాక్యముతో అర్థము కాని పదమును విప్పబోవుట తాళము వేసిన పెట్టెలో తాళపుచెవిని ఉంచుట వంటిది.

గురజాడవారు ఈ సంగతిని మనకు హాస్యముగా చూపిరి. 1897లో మొదట అచ్చై 1909లో పెంచి వ్రాయబడిన కన్యాశుల్కమున, వెంకటేశము తల్లి ముచ్చటపడి కొడుకును గిరీశమును ఇంగ్లీషులో మాటలాడుడని కోరును. ఒకడు పద్యపాదమును, ఒకడు జ్యామితి సూత్రమును, ఒకడు వ్యాకరణ నియమమును సంభాషణవలె ఒకరిమీదకొకరు విసరుకొందురు. తల్లి పరమానందపడును. మనము నవ్వుదుము, నవ్వవలసినదే. కాని నవ్విన తరువాత ఆ తల్లి ముఖమును ఒక్కమాఱు తలచుకొనుడు. కొడుకు చదువునుండి ఆమెకు దక్కినది ఆ ధ్వని మాత్రమే. చదువు ఇంటిలోనికి వచ్చినది. తల్లి దాని వెలుపలనే నిలిచిపోయినది. నూఱేండ్లకు పైగా గడచినవి. నేడును ఎన్ని యిండ్లలో పిల్ల ఇంగ్లీషు పుస్తకము తెఱవగానే తల్లి, “నాకేమి తెలుసునమ్మా” అని ప్రక్కకు తప్పుకొనుట లేదు?

మా కథలోని పిల్ల తరువాత రెండు వారములకు మఱల వచ్చినది. ఈమాఱు ఊరినుండి వచ్చిన తల్లియు వెంట నున్నది. నోటుబుక్కు తెఱచి ‘రిలక్టెంట్’ అను పుట చూపి, “దీనికి తెలుగున ఏమందువు?” అని అడిగితిమి. పిల్ల ఇంగ్లీషు నిర్వచనమును చెప్పినది. రాయబారి సంధిపత్రము వాక్యమును చెప్పినది. తెలుగు మాట చెప్పలేకపోయినది. శిక్షణతరగతిలో తెలుగు పలుకరాదని నియమ మట. “చేయకపోలేదు గాని మనసొప్పక చేయుట” అని మేము చెప్పితిమి. అంతవఱకు ఊరకున్న తల్లి, “నిన్ను పట్నం అంపినపుడు నాకూ అలాగే, మనసొప్పనేదే అమ్మా. అయినా అంపీసినాను” అన్నది. పిల్ల తల్లివైపు చూచినది. కొంతసేపటికి మెల్లగా, “మై మదర్ వాజ్ రిలక్టెంట్ టు సెండ్ మీ టు ది సిటీ” అన్నది. ఆ వాక్యమును ఆమె ఏ పుస్తకమునందును చదువలేదు. నాటినుండి ఆ పదము ఆమెకు మఱపునకు రాదని మేము నిశ్చయముగా చెప్పగలము. అందులో ఇప్పుడు ఆమె తల్లి యున్నది.

ఇచట కొందఱు ఆక్షేపింపవచ్చును. తెలుగును అడ్డుపెట్టుకొన్నచో పిల్లలు తెలుగు పోకడలనే ఇంగ్లీషున దించుదురని వారి భయము. ఆ భయము నిరాధారము కాదు. బుఱ్ఱ తినుచున్నాడను మన పలుకుబడిని మాటకుమాటగా ఇంగ్లీషు చేసినవాడు నరమాంసభక్షకుని సంగతి చెప్పుచున్నాడని యెదుటివాడు జడియవచ్చును. మనము అప్పు అను ఒక్క మాటకు తీసికొనుట, ఇచ్చుట యని క్రియలు చేర్చుకొందుము. ఇంగ్లీషున ‘బారో’ వేఱు, ‘లెండ్’ వేఱు. తెలుగు మాటనే సర్వస్వమని పట్టుకొన్నవాడు వీనిని తారుమాఱు చేయును. కాని ఈ తప్పును పోగొట్టుట కుపాయము తెలుగును వెలివేయుట కాదు, రెండు భాషలను ఎదురెదురుగా నిలిపి భేదమును చూపుట. వెలివేసిన తెలుగు పిల్ల మనస్సునుండి పోదు. చాటున నుండి తప్పులు చేయించును. ఎదుట కూర్చుండబెట్టినచో అదే తోడునిలిచి దిద్దును. ఎక్కుటకు నిచ్చెన కావలెను. మేడ యెక్కిన తరువాత నిచ్చెనను వదలవచ్చును. ఎక్కకముందే నిచ్చెనను తగులబెట్టుట వివేకము కాదు.

కావున మేము కోరునది ఒక్క చిన్న సంస్కారము. ఆ మూడు గడుల ప్రక్కన నాలుగవ గడి యొకటి గీయవలెను. అందు విద్యార్థి మొదట ఆ పదమునకు తన యింట పలుకు తెలుగు మాటను వ్రాయవలెను. దాని క్రింద తన జీవితమునుండి తానే కట్టిన ఇంగ్లీషు వాక్యమును వ్రాయవలెను. ఆ వాక్యమును తెలిసినవా రొకరు చూచి దిద్దవలెను. నీలికుర్చీని ‘యూసర్ప్’ చేసిన పిల్లను పుస్తకము దిద్దలేదు; మనుష్యుడు దిద్దగలడు. ఇట్లు చేయుచో దినమునకు ఇరువది పదములు సాగవు, అయిదు సాగును. అయిదే చాలును. వల్లెవేసినది ఎంత త్వరగా జాఱిపోవునో 1885లోనే ఎబ్బింగ్‌హౌస్ అను జర్మను పండితుడు తనమీద తాను ప్రయోగము చేసికొని చూపెను. అర్థములేని అక్షరములను కంఠస్థము చేసినప్పుడు ఒక దినములోనే చాల భాగము మఱపునకు వచ్చెను. ఎడమిచ్చి మఱల చదివినవి నిలిచెను. కనుక నిన్నటి అయిదింటిని నేడును, ఈ వారపువానిని వచ్చు వారమునను మఱల తలచుకొనుట క్రొత్త పదిటిని ప్రోగుచేయుటకంటె మేలు.

ఇక వాక్యములు ఎక్కడ దొరకునందురా? ద్వారకా నగర్‌లోనే పౌర గ్రంథాలయ మున్నది. శిక్షణతరగతి ముగిసిన తరువాత ఒక గంట అచట కూర్చుండి ఇంగ్లీషు పత్రికలో మన యూరి వార్త నొకదానిని చదివినచో, నోటుబుక్కులోని పదము ఓడరేవులోనో, కర్మాగారములోనో, నగరపాలక సభలోనో ఊపిరి పీల్చుచు కనబడును. ఆ వార్త సంగతి ముందే తెలిసినది గనుక పదము తానే అర్థమును విప్పి చెప్పును.

మిగిలినది గృహస్థుల పని. ఫీజు కట్టుటతో మన బాధ్యత తీఱినదని తలంపరాదు. “నేడు ఎన్ని పదములు నేర్చితివి?” అని అడుగుట మాని, “నేడు నేర్చిన మాటతో మన యింటి సంగతి యొకటి చెప్పు” అని అడుగుడు. తల్లులు తమకు ఇంగ్లీషు రాదని వెనుదీయవలదు. పదమునకు ఇంగ్లీషు నిర్వచనము పుస్తక మిచ్చును; దానిలో నిండవలసిన బ్రతుకు తల్లి యిచ్చును. అక్షరము రాని తల్లియు, “ఆ మాటకు మన తెలుగున ఏమందురమ్మా?” అని అడుగగలదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన పిల్లకు పదము వచ్చినట్లు. చెప్పలేని పిల్లకు ఎన్ని వేలు వల్లించినను రానట్లే. ఇంతకంటె నమ్మదగిన పరీక్ష ఏ శిక్షణాలయమునను లేదు. దానికి ఫీజును లేదు.